లండన్ పార్లమెంటు లోపలి సంగతులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

బ్రిటన్ పార్లమెంటు గురించి ఈమధ్య వచ్చిన ఉత్తరాల్లోంచి కొన్నింటికి ఈసారి జవాబులిస్తున్నాం. పోటీ పరీక్షలకు చదువుతున్నవాళ్లు, పిల్లలు అక్కడ స్థిరపడిన తల్లిదండ్రులు, అక్కడే చదువుకుంటున్న విద్యార్థులు అడిగినవి ఇవి.

ప్రశ్న: 2022లో బ్రిటన్‌లో ఒకే ఏడాది ముగ్గురు ప్రధానులను చూశాం. మధ్యలో ఎన్నికలే జరగలేదు. జనం ఓటు లేకుండా ప్రధాని ఎలా మారిపోతారు?
- డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: బ్రిటన్ ఓటరు చేతికిచ్చే బ్యాలెట్ మీద ప్రధాని పదవికి అభ్యర్థి అంటూ ఎవరూ ఉండరు. తన నియోజకవర్గానికి ఎంపీని ఎన్నుకోవడంతో ఓటరు పని అయిపోతుంది. 650 మంది ఉండే కామన్స్ సభలో (మన లోక్‌సభ లాంటి దిగువ సభ) ఎవరి వెనుక ఎక్కువమంది నిలబడతారో వాళ్లను రాజు పిలిచి ప్రభుత్వం ఏర్పాటు చేయమంటారు. ఆ బలం ఉన్నన్నాళ్లే ప్రధాని. ఈ ఒక్క సూత్రం పట్టుబడితే మిగతా వ్యవస్థంతా దాని చుట్టూనే తిరుగుతుందని తెలుస్తుంది.

2019 డిసెంబరు ఎన్నికల్లో బోరిస్ జాన్సన్ నాయకత్వంలో కన్జర్వేటివ్ పార్టీ 365 సీట్లు గెలిచింది. 2022లో ఆ మెజారిటీ చెక్కుచెదరలేదు. చెదిరింది నాయకుడి మీద సొంత ఎంపీలకున్న నమ్మకం. జూన్ 6న పార్టీలో అంతర్గతంగా జరిగిన విశ్వాస ఓటింగులో జాన్సన్ 211-148 తేడాతో గట్టెక్కారు. నెల తిరిగేసరికి, జులై 5న, ఆర్థిక మంత్రి రిషి సునాక్, ఆరోగ్య మంత్రి సాజిద్ జావిద్ రాజీనామా చేశారు. వాళ్ల వెనుకే మంత్రులు వరసకట్టి తప్పుకోవడంతో 7వ తేదీన జాన్సన్ దిగిపోతున్నట్టు ప్రకటించారు.

తర్వాతి తంతు పూర్తిగా పార్టీ నియమాల ప్రకారం నడిచింది. ఎంపీలు విడతలవారీగా ఓట్లేసి అభ్యర్థులను ఇద్దరికి కుదిస్తారు. ఆ ఇద్దరిలో ఒకరిని పార్టీ సభ్యులు ఎన్నుకుంటారు. ఎంపీల చివరి విడతలో సునాక్‌కు 137, లిజ్ ట్రస్‌కు 113 ఓట్లు వచ్చాయి. సభ్యుల దగ్గరికి వెళ్లేసరికి లెక్క తిరగబడింది: ట్రస్‌కు 81,326, సునాక్‌కు 60,399. దేశ ప్రధానిని తేల్చిన ఓటర్లు లక్షన్నర లోపే అన్నమాట.

నా దృష్టిలో ఈ పద్ధతిలో అసలు లోపం ఇక్కడే ఉంది. ప్రధానికి రోజూ కావలసింది ఎంపీల మద్దతు, ఎన్నుకునేదేమో ఎంపీలు కానివాళ్లు. సెప్టెంబరు 23న వచ్చిన మినీ బడ్జెట్‌లో ట్రస్ ప్రభుత్వం నిధులెక్కడివో చెప్పకుండా భారీ పన్ను కోతలు ప్రకటించింది. ప్రభుత్వ బాండ్ల ధరలు కుప్పకూలాయి, పెన్షన్ నిధులు కుదేలవకుండా బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రంగంలోకి దిగాల్సి వచ్చింది. మొదటినుంచీ అంతంతమాత్రంగా ఉన్న ఎంపీల మద్దతు అక్కడితో ఆవిరైంది. ట్రస్ పదవిలో ఉన్నది 49 రోజులు. రెండోసారి పోటీలో నిలవాలంటే 100 మంది ఎంపీల మద్దతు ఉండాలని నియమం పెట్టారు. చివరికి సునాక్ ఒక్కరే మిగలడంతో సభ్యుల ఓటింగ్ అవసరం పడలేదు. అక్టోబరు 25న ఆయన ప్రధాని అయ్యారు.

పరీక్షల్లో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. 'ప్రధాని రాజీనామా చేస్తే సభ రద్దవుతుంది' అని రాసేస్తారు. రద్దవదు. ప్రధాని మారినా సభ అలాగే కొనసాగుతుంది.

ప్రశ్న: 2024 ఎన్నికల్లో లేబర్ పార్టీకి మూడో వంతు ఓట్లే వచ్చాయి, సీట్లు మాత్రం మూడింట రెండొంతులకు దగ్గరగా వచ్చాయి. ఇదేం లెక్క?
- బ్యాంకు ఉద్యోగి, రాజమహేంద్రవరం

జవాబు: మన లోక్‌సభ ఎన్నికల లెక్కే. నియోజకవర్గంలో అందరికంటే ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాళ్లదే సీటు. నలుగురు అభ్యర్థులకు 31, 29, 22, 18 శాతం వస్తే 31 శాతం వచ్చినవాళ్లు గెలుస్తారు, మిగతా 69 శాతం ఓట్లు లెక్కలోకి రావు.

2024 జులై 4న లేబర్‌కు 33.7 శాతం ఓట్లతో 411 సీట్లు దక్కాయి. అంతకంటే ఆశ్చర్యం కింద స్థానాల్లో ఉంది. రిఫార్మ్ పార్టీకి 14.3 శాతం ఓట్లు వస్తే 5 సీట్లే, లిబరల్ డెమోక్రాట్లకు 12.2 శాతంతోనే 72 సీట్లు. తక్కువ ఓట్లు వచ్చిన పార్టీకి పద్నాలుగు రెట్లకు పైగా సీట్లు! రిఫార్మ్ ఓట్లు దేశమంతా పలచగా పరుచుకున్నాయి, లిబరల్ డెమోక్రాట్లు గెలవగలిగిన చోట్లను ఎంచుకుని అక్కడే బలమంతా పెట్టారు. 2015లోనూ ఇంతే. యూకే ఇండిపెండెన్స్ పార్టీ (యూకిప్)కి 12.6 శాతం ఓట్లతో ఒక్క సీటు, స్కాట్లండ్‌లో మాత్రమే పోటీచేసిన స్కాటిష్ నేషనల్ పార్టీ (ఎస్ఎన్‌పీ)కి 4.7 శాతంతో 56 సీట్లు.

మార్చే అవకాశం ఒకసారి వచ్చింది. 2011లో అభ్యర్థులకు ప్రాధాన్య క్రమంలో ఓటు వేసే పద్ధతి మీద రెఫరెండం పెడితే 67.9 శాతం మంది వద్దన్నారు.

650లో సగం దాటాలంటే 326 అని పుస్తకాల్లో ఉంటుంది. నిజంగా అన్ని అక్కర్లేదు. స్పీకరు, ముగ్గురు డిప్యూటీలు ఓటు వేయరు. ఉత్తర ఐర్లండ్‌కు చెందిన షిన్ ఫేన్ ఎంపీలు రాజుకు విధేయత ప్రమాణం చేయడానికి ఒప్పుకోక సభలోనే అడుగుపెట్టరు. 2024లో వాళ్లు ఏడుగురు గెలిచారు. వీళ్లందరినీ తీసేస్తే మిగిలేది 639, అందులో సగం దాటాలంటే 320 చాలు. బొటాబొటీ మెజారిటీ ఉన్న సభలో ఈ ఆరు ఓట్ల తేడాయే ప్రభుత్వాన్ని నిలబెడుతుంది.

ప్రశ్న: 1999లో వాజ్‌పేయి ప్రభుత్వం 269-270తో ఒక్క ఓటు తేడాలో పడిపోవడం మా తరానికి బాగా గుర్తు. బ్రిటన్‌లో అలా ఎప్పుడైనా జరిగిందా?
- రిటైర్డ్ ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: జరిగింది మాస్టారూ, అచ్చం అలాగే. 1979 మార్చి 28 రాత్రి జేమ్స్ కాలహన్ లేబర్ ప్రభుత్వం 311-310తో ఓడిపోయింది.

అప్పటికి లేబర్‌కు సొంతంగా మెజారిటీ లేదు. చిన్న పార్టీల ఆసరాతో రోజులు వెళ్లదీస్తోంది. ఆ నెల 1వ తేదీన స్కాట్లండ్‌కు ప్రత్యేక శాసనసభ ఇవ్వాలా అన్న రెఫరెండంలో 'ఔను' అన్నవాళ్లే ఎక్కువైనా, మొత్తం ఓటర్లలో 40 శాతం మద్దతు ఉండాలన్న షరతు నెరవేరలేదు. దాంతో ఎస్ఎన్‌పీ ఎదురు తిరిగింది. ఓటింగు రోజున పార్టీ ఎంపీలను కూడగట్టే విప్‌లు ఒక్కొక్క ఓటునూ వేళ్ల మీద లెక్కపెట్టారు. లేబర్ ఎంపీ సర్ ఆల్ఫ్రెడ్ బ్రాటన్ యార్క్‌షైర్‌లో ప్రాణాపాయ స్థితిలో ఉన్నారు. జబ్బుపడ్డ ఎంపీ అంబులెన్సులో పార్లమెంటు ఆవరణలోకి వచ్చి పడుకుంటే చాలు, ఓటు వేసే లాబీలోకి నడవకపోయినా ఇరుపక్షాల విప్‌లు వెళ్లి చూసి ఆ ఓటును లెక్కలో వేసే ఆనవాయితీ ఉంది. కానీ ప్రయాణంలోనే ఆయన ప్రాణం పోవచ్చని భయపడి తీసుకురావద్దన్నారు. ఆయన ఓటు పడి ఉంటే 311-311. కొద్దిరోజులకే ఆయన కన్నుమూశారు. ఉత్తర ఐర్లండ్‌కు చెందిన స్వతంత్ర ఎంపీ ఫ్రాంక్ మగ్వైర్ లండన్ దాకా వచ్చి కూడా ఎటూ ఓటు వేయలేదు. మే 3న ఎన్నికలు జరిగి మార్గరెట్ థాచర్ గెలిచారు. ఆ తర్వాత ఇప్పటిదాకా అవిశ్వాసంతో పడిపోయిన బ్రిటిష్ ప్రభుత్వం లేదు.

మరి ప్రభుత్వం ఏ బిల్లులో ఓడినా దిగిపోవాలా? అక్కర్లేదు. 2019 జనవరి 15న ప్రధాని థెరిసా మే తెచ్చిన బ్రెగ్జిట్ (యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ వైదొలగడం) ఒప్పందం 432-202తో చిత్తయింది. మర్నాడే పెట్టిన అవిశ్వాసంలో ఆమె 325-306తో నెగ్గారు. ముందురోజు ఆమె ఒప్పందాన్ని ఓడించిన సొంత పార్టీవాళ్లే ప్రభుత్వాన్ని కాపాడారు. నేరుగా అవిశ్వాసంలో ఓడితే మాత్రం ప్రధాని ముందు రెండే దారులు: రాజీనామా, లేదా సభ రద్దు కోరి ఎన్నికలకు వెళ్లడం.

ప్రశ్న: కామన్స్‌లో బటన్ నొక్కి ఓటు వేయరట కదా. నడుచుకుంటూ వెళ్లి ఓటేస్తారని విన్నాను. ఆ పద్ధతి వివరంగా చెబుతారా?
- గ్రూప్స్ అభ్యర్థి, నంద్యాల

జవాబు: ఔను, కాళ్లతోనే ఓటు. ముందు స్పీకరు ప్రశ్న పెడతారు, సమర్థించేవాళ్లు 'ఐ' అనీ వ్యతిరేకులు 'నో' అనీ అరుస్తారు. ఒక పక్షం గొంతు స్పష్టంగా వినపడితే అక్కడితో సరి. రెండు వైపులా పట్టుబడితే 'డివిజన్! క్లియర్ ది లాబీ' అని స్పీకరు ప్రకటిస్తారు. వెంటనే భవనమంతా గంటలు మోగుతాయి. చుట్టుపక్కల కొన్ని పబ్బుల్లో, రెస్టారెంట్లలో కూడా ఆ గంటలు బిగించి ఉంటాయి, భోజనం మధ్యలో వదిలి ఎంపీలు పరుగెత్తుతారు. రెండు నిమిషాలకు స్పీకరు మళ్లీ ప్రశ్న పెట్టి, లెక్కించేవాళ్ల పేర్లు చదువుతారు. పక్షానికి ఇద్దరు చొప్పున నలుగురు, వాళ్లను టెల్లర్లు అంటారు. గంట మొదలైన ఎనిమిది నిమిషాలకు తలుపులు మూసేస్తారు. ఆలస్యమైతే తలుపు బయట నిలబడ్డ మంత్రికైనా ఓటు లేనట్టే.

సభకు రెండు పక్కలా రెండు పొడవాటి గదులుంటాయి, ఒకటి 'ఐ' లాబీ, రెండోది 'నో' లాబీ. ఎంపీలు తమకు నచ్చిన దాంట్లోంచి నడిచి అవతలి తలుపు గుండా బయటికొస్తుంటే టెల్లర్లు తల లెక్కపెడతారు. పేర్లు నమోదు చేయడానికి ఇప్పుడు పాస్ ఆనించే యంత్రాలు పెట్టారు. లెక్క తేలాక నలుగురూ బల్ల ముందుకు వస్తారు, అంకెలు చదివేది గెలిచిన పక్షం టెల్లరు. అందుకే వాళ్లు వరసలో ఎటు నిలబడ్డారో చూసి, నోరు విప్పకముందే సభ్యులు ఫలితం తెలుసుకుంటారు. మొత్తం పావుగంట పని. వరసగా అయిదారు సవరణల మీద ఓటింగ్ ఉంటే గంటన్నర నడకే.

ఓట్లు సమానమైతే స్పీకరు వేసే ఓటుకు సొంత ఇష్టంతో పని లేదు. మెజారిటీ లేకుండా కొత్త నిర్ణయం జరగకూడదన్నదే ఆనవాయితీ. 2019 ఏప్రిల్ 3న 310-310 వచ్చినప్పుడు స్పీకర్ జాన్ బెర్కో ఆ ఆనవాయితీ ప్రకారమే 'నో' అన్నారు.

విప్ అనే మాట మనకూ అక్కడినుంచే వచ్చింది. వారం వారం ఎంపీలకు పార్టీ పంపే కార్యక్రమ పత్రంలో ఒక్కో అంశం కింద గీతలుంటాయి. ఒక గీత ఉంటే వస్తే మంచిది, రెండుంటే రావాలి, మూడుంటే వచ్చి పార్టీ చెప్పినట్టే ఓటు వేయాలి. మూడు గీతల విప్‌ను ధిక్కరించేవాళ్లు దేనికైనా సిద్ధపడి ఉండాలి.

ప్రశ్న: మన దగ్గర కండువా మార్చిన ఎమ్మెల్యేల అనర్హత పిటిషన్లు ఏళ్ల తరబడి స్పీకర్ల దగ్గరే ఉంటాయి. బ్రిటన్‌లో ఫిరాయింపుల చట్టం ఎలా ఉంది?
- న్యాయవాది, కరీంనగర్

జవాబు: అక్కడ అలాంటి చట్టమే లేదండీ. మనం 1985లో 52వ సవరణతో పదో షెడ్యూలు తెచ్చుకున్నాం. బ్రిటన్‌లో ఎంపీ పార్టీ మారినా, విప్‌ను ధిక్కరించినా సీటు పోదు. ఎన్నికైంది వ్యక్తి, పార్టీ కాదన్నది అక్కడి పాత భావన. చర్చిల్ 1904లో కన్జర్వేటివ్‌లను వదిలి లిబరల్ పార్టీలో చేరారు, రెండు దశాబ్దాల తర్వాత మళ్లీ పాత గూటికే వచ్చారు.

2019 సెప్టెంబరు 3 నాటి దృశ్యం చూడండి. ప్రధాని జాన్సన్ లేచి మాట్లాడుతున్నారు. ఆయన పార్టీ ఎంపీ ఫిలిప్ లీ తన వరసలోంచి లేచి, నేల మీది గీతలు దాటి, ఎదుటి బల్లల్లో లిబరల్ డెమోక్రాట్ల మధ్య కూర్చున్నారు. ఆ నాలుగడుగులతో ప్రభుత్వ మెజారిటీ పోయింది. అదే రాత్రి ప్రభుత్వం 328-301తో ఓటింగ్ ఓడిపోయింది. ఎదురు తిరిగిన 21 మంది సొంత ఎంపీలకు పార్టీ విప్ ఉపసంహరించింది. అంటే వాళ్లను పార్టీ బృందంలోంచి తీసేసినట్టు. సీట్లు మాత్రం అలాగే ఉన్నాయి, స్వతంత్రులుగా కూర్చున్నారు. పార్టీ చేతిలో ఉన్న అసలు ఆయుధం తర్వాతి ఎన్నికల్లో టికెట్ ఇవ్వకపోవడం.

పార్టీ మారి ప్రజల ముందుకు వెళ్లినవాళ్లూ ఉన్నారు. 2014లో డగ్లస్ కార్స్‌వెల్ కన్జర్వేటివ్‌ల నుంచి యూకిప్‌కు మారుతూ రాజీనామా చేసి, క్లాక్టన్ ఉప ఎన్నికలో గెలిచి వచ్చారు. రాజీనామా చేయమని చట్టం చెప్పలేదు, ఆయనే చేశారు.

రాజీనామా అన్నాను గానీ అక్కడ ఎంపీ నేరుగా రాజీనామా చేయడానికి వీల్లేదు. 1624 నాటి తీర్మానం అది. దానికో దొడ్డిదారి ఉంది. రాజు కింద జీతమిచ్చే ఉద్యోగంలో చేరితే సీటు పోతుంది కాబట్టి, చిల్టర్న్ హండ్రెడ్స్ అనే ప్రాంతానికి స్టివార్డుగా నియమించమని ఆర్థిక మంత్రికి దరఖాస్తు పెడతారు. చట్టం దృష్టిలో అది జీతమిచ్చే ఉద్యోగమే గానీ, నిజానికి అందులో పనీ లేదు, జీతమూ లేదు. నియామకం జరిగిన క్షణం సీటు ఖాళీ.

ఓటర్లే ఎంపీని వెనక్కి పిలిచే చట్టం 2015లో వచ్చింది. అదీ ఎప్పుడు పడితే అప్పుడు కాదు. ఎంపీకి జైలు శిక్ష పడాలి, లేదా సభ కనీసం పది పనిదినాలు సస్పెండ్ చేయాలి, లేదా ఖర్చుల బిల్లుల్లో దొంగలెక్కలు చూపినట్టు కోర్టులో రుజువు కావాలి. అప్పుడు ఆరు వారాల పాటు సంతకాల కేంద్రాలు తెరుస్తారు. నియోజకవర్గం ఓటర్లలో 10 శాతం సంతకం చేస్తే సీటు ఖాళీ అవుతుంది. 2018లో నార్త్ ఆంట్రిమ్‌లో 9.4 శాతం దగ్గరే ఆగిపోవడంతో అక్కడి ఎంపీ బయటపడ్డారు. 2019లో పీటర్‌బరో ఎంపీ ఈ చట్టం కింద సీటు కోల్పోయిన మొదటి వ్యక్తి.

ప్రశ్న: బ్రిటన్‌కు రాజ్యాంగం లేదంటారు. మరి ప్రభుత్వం హద్దు మీరితే ఆపేదెవరు?
- సివిల్స్ అభ్యర్థి, అశోక్ నగర్, హైదరాబాద్

జవాబు: 'లేదు' అనడం తప్పు, 'ఒకే పుస్తకంగా లేదు' అనాలి. 1689 హక్కుల చట్టం, 1911, 1949 పార్లమెంటు చట్టాలు, 1998 మానవ హక్కుల చట్టం, స్కాట్లండ్ చట్టం, ఇవన్నీ రాతలో ఉన్నవే. రాతలో లేనివి ఆనవాయితీలు. ప్రధాని కామన్స్ సభ్యుడై ఉండాలని ఏ చట్టమూ చెప్పదు. అయినా 1963లో ఎన్నిక లేని ఎగువ సభ లార్డ్స్‌లో ఉన్న అలెక్ డగ్లస్-హ్యూమ్ ప్రధాని అయినప్పుడు బిరుదు వదులుకుని ఉప ఎన్నికలో గెలిచి కామన్స్‌కు వచ్చారు.

అన్నిటి మీదా ఉన్న సూత్రం పార్లమెంటు సార్వభౌమత్వం. పార్లమెంటు చేసిన చట్టాన్ని కొట్టేసే అధికారం అక్కడి కోర్టులకు లేదు. రాజ్యాంగం మూల లక్షణాలను పార్లమెంటు మార్చలేదన్న మన 'మౌలిక స్వరూపం' వాదన అక్కడ చెల్లదు. ఇంకో ముక్క: ఒక పార్లమెంటు తర్వాతి పార్లమెంటు చేతులు కట్టలేదు. దీన్ని ఉదాహరణతో రాస్తే మార్కులు పడతాయి. 2011లో ఒక చట్టం చేసి, ముందస్తు ఎన్నికలకు మొత్తం ఎంపీలలో మూడింట రెండొంతుల మద్దతు కావాలన్నారు. 2019 శరదృతువులో జాన్సన్ మూడుసార్లు ప్రయత్నించినా అంత మద్దతు రాలేదు. అక్టోబరు 29న 'డిసెంబరు 12న ఎన్నికలు జరుగును' అని, సాధారణ మెజారిటీ చాలే చిన్న బిల్లు పెట్టి నెగ్గించుకున్నారు. మూడింట రెండొంతుల గోడను పక్కదారిలో దాటేశారు. ఆ 2011 చట్టాన్ని 2022లో పూర్తిగా ఎత్తేశారు. ఇప్పుడు అయిదేళ్ల గడువు లోపల ఎన్నికలెప్పుడో నిర్ణయించేది మళ్లీ ప్రధానే.

మరి ఆపేదెవరంటారా? కార్యనిర్వాహక వర్గాన్ని కోర్టులు ఆపగలవు. దీనికి ముందు మూడు మాటల తేడా తెలియాలి. వాయిదా అంటే సభ కొన్నాళ్లు కూర్చోదు, బిల్లులు అలాగే ఉంటాయి. ప్రొరోగ్ చేస్తే సమావేశాల ఘట్టమే ముగుస్తుంది, ప్రత్యేకంగా కొనసాగించాలని తీర్మానించనివి తప్ప పెండింగు బిల్లులన్నీ పడిపోతాయి. రద్దయితే ఎంపీలే ఉండరు, మంత్రులు మాత్రం కొత్త ప్రభుత్వం వచ్చేదాకా కొనసాగుతారు. పోలింగు రద్దు తర్వాత 25 పనిదినాలకు జరుగుతుంది.

2019లో బ్రెగ్జిట్ గడువు అక్టోబరు 31 ముంచుకొస్తుండగా, జాన్సన్ సలహా మీద సెప్టెంబరు రెండో వారం నుంచి అక్టోబరు 14 దాకా పార్లమెంటును ప్రొరోగ్ చేశారు. మామూలుగా ఇది కొద్దిరోజుల తతంగం, ఇక్కడ అయిదు వారాలు. సెప్టెంబరు 24న సుప్రీంకోర్టు 11 మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా, తగిన కారణం లేకుండా పార్లమెంటు తన పని చేయకుండా అడ్డుకున్నారు కాబట్టి ఆ ప్రొరోగ్ చెల్లదన్నారు. అంటే సభ ఎప్పుడూ ముగియనే లేదని అర్థం. మర్నాడే కామన్స్ కొలువుదీరింది. కోర్టు కాపాడింది పార్లమెంటును, తన అధికారాన్ని కాదు. ఆ తీర్పును సార్వభౌమత్వానికి వ్యతిరేకమని రాసేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

ప్రశ్న: ఎన్నికే లేని లార్డ్స్ సభ, ఎన్నికైన సభ చేసిన బిల్లును అడ్డుకోగలదా?
- గృహిణి, విశాఖపట్నం

జవాబు: ఆలస్యం చేయగలదు, ఆపలేదు. 1909లో లాయిడ్ జార్జ్ పెట్టిన బడ్జెట్‌ను లార్డ్స్ తిరస్కరించింది. భూస్వాముల మీద పన్ను వేసిన బడ్జెట్ అది, సభ నిండా భూస్వాములే. ఆ గొడవతో ఒకే ఏడాది, 1910లో, రెండు సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. చివరికి 1911 చట్టంతో లార్డ్స్ రెక్కలు కత్తిరించారు. ద్రవ్య బిల్లును నెలకు మించి ఆపలేరు. మన రాజ్యసభకు ఆ గడువు 14 రోజులు. మిగతా బిల్లులను ఆపే గడువు రెండేళ్లని ఆ చట్టం పెడితే, 1949లో ఏడాదికి తగ్గించారు. కుక్కలతో నక్కలను వేటాడటాన్ని నిషేధించిన 2004 చట్టం లార్డ్స్ అంగీకారం లేకుండా ఈ దారిలోనే వచ్చింది. ఒక్క విషయంలో మాత్రం వాళ్ల మాటకు ఇప్పటికీ తిరుగులేదు: పార్లమెంటు పదవీకాలాన్ని అయిదేళ్లకు మించి పొడిగించే బిల్లు వాళ్లు ఒప్పుకుంటేనే చట్టమవుతుంది. ఎన్నికలు ఎగ్గొట్టాలని చూసే ప్రభుత్వానికి ఎన్నిక కాని సభ అడ్డుకట్ట.

ఎన్నికల ప్రణాళికలో చెప్పిన బిల్లును రెండో పఠనంలో ఓడించకూడదన్న ఆనవాయితీ కూడా 1945 నుంచి పాటిస్తున్నారు. సవరణలు మాత్రం ధారాళంగా చేస్తారు. చట్టాల్లో పదాల పొరపాట్లు బయటపడేది ఎక్కువగా అక్కడే.

ప్రశ్న: రాజు సంతకం పెట్టనంటే?
- ఇంటర్ విద్యార్థి, ఖమ్మం

జవాబు: చివరిసారి అలా జరిగింది 1708లో, ఆన్ రాణి స్కాట్లండ్ సైనిక దళాల బిల్లుకు ఆమోదం ఇవ్వలేదు. అదీ మంత్రుల సలహా మీదే. ఏటా సమావేశాల మొదట్లో రాజు చదివే ప్రసంగం కూడా ప్రభుత్వం రాసిచ్చిందే. దాన్ని వినడానికి ఎంపీలను పిలవడానికి బ్లాక్ రాడ్ అనే అధికారి వస్తుంటే కామన్స్ తలుపు ముఖం మీదే మూస్తారు, మూడుసార్లు తట్టాకే తీస్తారు. 1642లో మొదటి చార్లెస్ అయిదుగురు ఎంపీలను పట్టుకోవడానికి సభలోకి చొరబడ్డాడు. అప్పటినుంచి సభ జరుగుతుండగా ఏ రాజూ లోపల కాలుపెట్టలేదు.

ప్రశ్న: మా అబ్బాయి లెస్టర్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. భారత పౌరుడైనా అక్కడ ఓటు వేయొచ్చని స్నేహితులు చెప్పారట. నిజమేనా? వీసాకు ఇబ్బంది వస్తుందా?
- ఒక తల్లి, గుంటూరు

జవాబు: నిజమేనమ్మా, చాలామంది తెలుగు పిల్లలకు తెలియక ఈ హక్కు వాడుకోవడం లేదు. బ్రిటన్‌లో ఉంటున్న కామన్వెల్త్ దేశాల పౌరులకు, చెల్లుబాటయ్యే వీసా ఉంటే, 18 ఏళ్లు నిండితే పార్లమెంటు ఎన్నికల్లోనూ స్థానిక ఎన్నికల్లోనూ ఓటుంది. స్టూడెంట్ వీసా కూడా సరిపోతుంది. ఓటు నమోదు వల్ల వీసాకు ఏ ఇబ్బందీ లేదు.

నమోదు ప్రభుత్వ వెబ్‌సైటులో అయిదు నిమిషాల పని. పేరు, చిరునామా, పుట్టిన తేదీ, పౌరసత్వం, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు అడుగుతారు. ఆ నంబరు ఇంకా రాకపోతే ఫారంలో ఆ సంగతి చెప్పొచ్చు, కౌన్సిల్ వాళ్లు వేరే పత్రాలు అడుగుతారు. పోలింగుకు 12 పనిదినాల ముందు అర్ధరాత్రితో గడువు ముగుస్తుంది. ఇల్లు మారితే మళ్లీ నమోదు చేసుకోవాలి, మన పిల్లలు ఏడాదికో గది మారుతుంటారు కాబట్టి ఇక్కడే ఓటు జారిపోతుంది. జాబితాలో పేరుంటే మొబైల్ కాంట్రాక్టు, బ్యాంకు రుణం వంటి వాటికి చిరునామా తనిఖీ కూడా సులువవుతుంది.

ఇక పోలింగు రోజు. ఇంగ్లండ్‌లో పార్లమెంటు ఎన్నికలకు ఫొటో గుర్తింపు తప్పనిసరి. భారత పాస్‌పోర్టు చెల్లుతుంది. ఆధార్ చెల్లదు, భారత డ్రైవింగ్ లైసెన్సూ చెల్లదు. తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేరు దగ్గర. యూనివర్సిటీలో ఇంటిపేరు చివర, ఇంకోచోట పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ముందు, ఇలా రకరకాలుగా ఉంటుంది. ఓటరు జాబితాలోనూ గుర్తింపు పత్రంలోనూ పేర్లు మరీ తేడాగా ఉంటే బ్యాలెట్ ఇవ్వకపోవచ్చు. కాబట్టి నమోదు చేసేటప్పుడే పాస్‌పోర్టు ముందు పెట్టుకుని, అందులో ఉన్న వరసలో, ఉన్న అక్షరాలతో పేరు రాయమనండి. పాస్‌పోర్టు వీసా పని మీద వేరేచోట ఉంటే, ఫొటోతో ఉచితంగా ఇచ్చే ఓటరు ధ్రువపత్రానికి పోలింగుకు ఆరు పనిదినాల ముందు సాయంత్రం 5 గంటల లోపు దరఖాస్తు చేసుకోవచ్చు. ఇంటికి వచ్చే పోల్ కార్డు ఏ కేంద్రానికి వెళ్లాలో చెప్పడానికే, అది గుర్తింపు పత్రం కాదు, లేకపోయినా ఓటు వేయొచ్చు.

బ్యాలెట్ మీద నచ్చిన పేరు ఎదురుగా గడిలో ఇంటూ గుర్తు పెట్టాలి. ఇంకేమీ రాయకూడదు, సంతకం అసలే పెట్టకూడదు. లోపల పెన్సిలు ఉంటుంది, కావాలంటే సొంత పెన్ను వాడొచ్చు. కేంద్రం బయట పార్టీ బ్యాడ్జీలు పెట్టుకున్నవాళ్లు ఓటరు నంబరు అడిగితే చెప్పాల్సిన పనిలేదు. పోలింగు ఉదయం 7 నుంచి రాత్రి 10 దాకా. ల్యాబ్ నుంచో పార్ట్‌టైమ్ పని నుంచో ఆలస్యంగా వచ్చినా, 10 కొట్టేసరికి క్యూలో నిలబడి ఉంటే బ్యాలెట్ ఇచ్చి తీరాలి. 2010లో క్యూలో ఉండగానే తలుపులు మూసేయడంతో గొడవలై, ఆ తర్వాత చట్టం మార్చారు. కాబట్టి క్యూ వదిలి ఇంటికి రావద్దని అబ్బాయికి గట్టిగా చెప్పండి.